పొట్లంలో లోలకం

"అత్తమ్మా, హాల్ టికెట్ వచ్చింది!"

పోస్ట్‌మాన్ సైకిలు సందు మలుపు తిరగకముందే అరుణ ఇల్లంతా గిర్రున తిరిగొచ్చింది. పెళ్లి పారాణి ఇంకా పూర్తిగా వదలని పాదాలు నేల మీద నిలవడం లేదు. ఎంసెట్ హాల్ టికెట్, దాని మీద అచ్చులో తన పేరు!

"డాక్టరమ్మ నోరు తీపి చెయ్యాలె. యాలకుల పొట్లం ఇప్పు బిడ్డా, పరమాన్నం వండుత" అంది అత్త శకుంతల మురిసిపోతూ.

అరుణ యాలకులు అరచేతిలోకి ఒంపుకుని కాగితం నలపబోయి ఆగిపోయింది. ముడతల మధ్య లోలకం బొమ్మ. దాని కింద నాలుగు జవాబులు. మూడోదాని పక్కన పెన్సిలు చుక్క. ఆ చుక్క తనదే. తప్పు పెట్టి, రబ్బరుతో చెరిపి, మళ్లీ పెట్టిన చుక్క.

పడగ్గదిలోకి ఉరికింది. కిటికీ గూట్లో మోడల్ పేపర్ల కట్ట లేదు. పెళ్లికి అందరూ చీరలు పెడితే, పెళ్లికొడుకు, బావ భాస్కర్ ఒక్కడే కోఠీ పుస్తకాల బజారంతా గాలించి తెచ్చిచ్చిన కట్ట అది. సగమైనా చేయలేదు. పరీక్ష పై వారమే.

కొంగు నడుముకు దోపి, ఇంటి ముందరి దుకాణంలోకి నడిచింది. గల్లా దగ్గర మామ పాండురంగం మొగిలమ్మకు చింతపండు కడుతున్నాడు. కట్టేది ఆ కాగితాల్లోనే.

"మామయ్యా, ఆపుండ్రి! ఇవి ఎవలియి అనుకున్నరు?"

"పాత కాయితాలేనాయె బిడ్డా. అన్ని పెన్సిలు గీతలు, రబ్బరు మరకలు. పొట్లాల కుప్ప మీదున్నయి, కట్టిన."

"కుప్ప మీదికి ఎట్లొచ్చినయి?"

మిరపకాయల బస్తా వెనకనుంచి భాస్కర్ దగ్గు వినిపించింది. "నేనే తెచ్చిన. అంచులు చినుగుతున్నయని బైండింగ్ చేయిద్దామనుకున్న. నీకు చెప్పకుండ చేతిల పెడుదామని... గంతలనే లారీ వచ్చింది, ఆ కుప్ప మీద పెట్టి బస్తాలు దించవోయిన."

ఇంకో రోజైతే ఆ మాటకు అరుణ కరిగిపోయేది. ఇవాళ ఒళ్లు మండింది.

"కండ్లు యాడవెట్టుకున్నవ్ బావా? మన పెండ్లి ఫోటోలైతే పెడుదువా ఆ కుప్ప మీద?"

"జర నిమ్మళం బిడ్డా, కాయితమే గద" అన్నాడు పాండురంగం.

"కాయితమేనా? గోడకున్న లక్ష్మీదేవి క్యాలెండర్ గూడ కాయితమే. గుంజి, దాంట్ల పసుపు కట్టుండ్రి చూస్త!"

పాండురంగం గబగబా చెంపలు వేసుకున్నాడు.

"మంచిగడిగినవ్" అంది తలుపు దగ్గరినుంచి శకుంతల. "ఈయన చేతిల మా పెండ్లి కార్డు గూడ ఉప్పు పొట్లమే అయింది."

అరుణ నవ్వలేదు. కుప్పలో మిగిలిన తన కాగితాలు ఏరి చేతిలోకి తీసుకుంది.

మొగిలమ్మ మెల్లగా అంది. "పొద్దుగాలటి జీలకర కాయితం మీద గిసొంటి బొమ్మలే ఉండె. పొయ్యిల వెయ్యలే, ఇంట్ల ఉన్నది తియ్యి."

అరుణ గిరుక్కున తిరిగింది. కోపం తగ్గలేదు గానీ, దానికో దారి దొరికింది.

"రేపు పొద్దున గల్ల మీద నేను కూసుంట. మన పొట్లం కాయితం వాపస్ తెచ్చినోళ్లకు బెల్లం ముక్క. మామయ్యా, బెల్లం మీరే కొట్టాలె. బావా, నువ్వు సైకిలేసుకొని సుబేదారి దాక ఇల్లిల్లు తిరుగాలె."

"కోడలు గల్ల మీద కూసుంటదా?" అని నసిగాడు పాండురంగం.

"కూసుంటది. పరమాన్నం గూడ రేపే. కాయితాలు చేతికొచ్చినంకనే!" అంది అరుణ.