పచ్చగీత మీద ముల్లు

సంజీవమ్మ వంటింటి వెనక గదిలో వంగి, బాయిలర్ కింది కొళాయి తిప్పింది. నీళ్ళు సుయ్యిమంటూ గొట్టంలోకి ఎక్కాయి. రోజూ అయితే గేజీలో ముల్లు పచ్చగీత మీదికి రాగానే కట్టేసేది. ఈవేళ ముల్లు లేచినట్టే లేచి, ముసలెద్దులా మళ్ళీ కూలబడింది. లోపల మంట అంటుకోలేదు.

"ఇంత సలిలోనే నీకు మొండికేయాలనిపించిందా?" అని దాన్ని తిట్టి, షువైఖ్‌లో ఉండే మెకానిక్ వెంకటరాజుకు ఫోన్ చేసింది.

కువైట్‌లో సబా అల్ సలేం పేటలోని ఆ ఇంటి గోడల్లో చలికాలమంతా వేడినీళ్ళు తిరుగుతుంటాయి. తల్లి మోకాళ్ళు చలికి పట్టేస్తున్నాయని ఇంటి యజమాని అయిన కొడుకు పెట్టించాడు. ఆ ముసలి తల్లినే సంజీవమ్మ పెద్ద మామా అంటుంది, అరబ్బీలో మామా అంటే అమ్మ. గొట్టాల్లో ఒత్తిడి తగ్గిందా, ఇల్లంతా మంచుగడ్డే. పొద్దున్నే ముల్లు చూడటం, ఉన్ని మేజోళ్ళు రేడియేటర్ మీద వెచ్చబెట్టి పెద్ద మామా కాళ్ళకు తొడగటం సంజీవమ్మకు ఎవరూ చెప్పిన పని కాదు. తొడిగేటప్పుడు ముసలామె బొటనవేలితో ఆమె అరచేతిని తన్ని, చిన్నపిల్లలా నవ్వేది.

ఇంటిపనికి కువైట్ వచ్చిన మొదటి చలికాలం, మిద్దె మీద రేకుల గదిలో సంజీవమ్మ జ్వరంతో వణికిపోతుంటే, ఆ మోకాళ్ళతోనే గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది పెద్ద మామా. చెయ్యి పట్టి కిందికి దింపి, తన గదిలో రేడియేటర్ పక్కన పరుపు వేయించింది. కోడలు మూతి ముడుచుకున్నా లెక్కచెయ్యలేదు.

"బారిద్, సంజీవా," అంది ఇప్పుడు కంబళి కిందనుంచి, చలిగా ఉందని.

"ఉండు మామా, వస్తాండాడు." ఆ పాదాలను రెండు చేతులమధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది.

వెంకటరాజు వచ్చీ రాగానే రేడియేటర్ కిందికి తొంగి చూశాడు. "ఇదేటండి అక్కగారూ, ఇక్కడ చెంబెట్టారు?"

"నట్టుకాడ కారుతాంటే పెట్టినానన్నా. ఆ నీళ్ళు పుదీనా కుండీకి పోస్తాండా."

"ఎన్నాళ్ళబట్టి?"

"సలి మొదలైనకాడ్నించీ."

అతను నెత్తి కొట్టుకున్నాడు. "పట్టిందంతా పుదీనాకి పోసేసి, ముల్లు పడిపోతందని మళ్ళీ రోజూ నీళ్ళెక్కిస్తన్నారా? నాకొక్క ముక్క చెప్పొచ్చు కదండీ!"

రాయచోటి పక్క పల్లె ఆమెది. అక్కడ కారే నీటికింద గిన్నె పెట్టి మురిసిపోతారు గాని, కారుతోందని ఎవరూ గోలచెయ్యరు.

"నీకేమన్నా, కాలవగట్టున పుట్టినోడివి. మాకు సుక్క కనపడితే సెంబే గుర్తొస్తాది."

"ఆయ్, పుదీనా మాత్రం ఏపుగా ఎదిగుంటాదిలెండి," అంటూ వాషర్ మార్చి, నట్టు బిగించి, గొట్టాల్లో చేరిన గాలిని బయటికి వదిలాడు. ఈసారి కొళాయి తిప్పితే ముల్లు పచ్చగీత మీదికి వచ్చి కదలకుండా నిలబడింది. బాయిలర్ గుర్రుమంది.

మధ్యాహ్నానికి గది వెచ్చబడింది. నమాజు చేసుకున్న పెద్ద మామా రేడియేటర్‌కు అరచెయ్యి ఆనించి, "జేన్, జేన్," అంది, బాగుందని, తృప్తిగా. అదే వెచ్చటి చేత్తో సంజీవమ్మ చెంప నిమిరి, "అల్లా యాఫీచ్," అని, దేవుడు ఆరోగ్యమివ్వాలని దీవించింది. సంజీవమ్మ ఊళ్ళో చల్లగా ఉండమంటారు. జనవరిలో ఇక్కడ ఆ దీవెన పనికిరాదని ఇద్దరూ ఎప్పుడో నవ్వుకున్నారు.

"నువ్వు బతికిచ్చిన పానమే మామా ఇది," అంది సంజీవమ్మ తెలుగులోనే. అర్థమైనట్టు తలూపి, ముసలామె కళ్ళు మూసుకుంది.

మేజోళ్ళు రేడియేటర్ మీద పరిచి, సంజీవమ్మ పుదీనా కోసుకొచ్చి చాయ్ పెట్టింది. గ్లాసు బల్ల మీద ఉంచి, కంబళి తొలగించి పాదం చేతిలోకి తీసుకుంది. పాదం వెచ్చగానే ఉంది. బొటనవేలు మాత్రం తన్నలేదు.

"మామా?"

కొడుకును పిలవడానికి ముందు ఆ పాదాలను కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "సలితో పోల్యా తల్లీ. అంతే సాలు," అని కళ్ళకద్దుకుంది.

పొద్దు వాలకముందే మగవాళ్ళు వచ్చి ఆమెను ఖననానికి తీసుకెళ్ళారు. గదిలో చాయ్ చల్లారిపోయింది. రేడియేటర్ మీద మేజోళ్ళ జత ఇంకా వెచ్చగానే ఉంది.