తాడుకు మిగిలిన తలలు

మొదటి తల పైకి వచ్చినప్పుడు నరేంద్రన్ దాన్ని పక్కన పడేయించాడు. రెండోది వచ్చినప్పుడు తాడు లాగే యంత్రాన్ని ఆపమన్నాడు. మూడోదాన్ని గాలంతో సహా తనే చేతిలోకి తీసుకున్నాడు. పసుపు రెక్కల సూర చేప, అంటే ట్యూనా. మొత్తంగా వచ్చి ఉంటే ఇద్దరు మనుషులు మోయవలసినంత బరువుండేది. కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. నోట్లో గాలం దిగినచోటే ఉంది. మొప్పల వెనక మాత్రం ఏమీ లేదు.

సొరచేప తిని ఉంటుందని వెట్రివేల్ అన్నాడు. బోటులో అందరికన్నా వయసులో పెద్దవాడు అతనే. నరేంద్రన్ ఒప్పుకోలేదు. సొర పక్కనుంచి కొరుకుతుంది, నెలవంకలాగా గుంట చేసి సగం చేపని వదిలేస్తుంది. తలని తాడుకి ఉంచి మొండేన్ని పట్టుకుపోయేది మనిషే. తొందరలో ఉన్న దొంగకి గాలం ఊడదీసే తీరిక ఉండదు, మొప్పల వెనక ఒక్క కోత కోసి ఎత్తుకుపోతాడు. ఈ మాటలు చెబుతున్నంతసేపూ అతని చూపు తూర్పున కనబడుతున్న నీలిరంగు బోటు మీదే ఉంది. అది సుబ్బరాయలు బోటు. సుబ్బరాయలు అతని అక్క మీనా మొగుడు.

నరేంద్రన్ బోటు నడిపే సరంగు అయిన కొత్తలో ఒక తాడుకి నాలుగు వందల గాలాలు కట్టి వేస్తే ఎనిమిదో తొమ్మిదో చేపలు పడేవి. తర్వాత సముద్రం అడుగున ఈడ్చే వలలు మానేసిన బోట్లన్నీ గాలాలకి దిగాయి. చేప తగ్గిందని ఒకరు ఆరు వందలు వేశారు, అది చూసి పక్కవాడు ఎనిమిది వందలు వేశాడు. ఇప్పుడు అందరూ వెయ్యి వేస్తున్నారు. తాడు వదలడానికే సాయంత్రమంతా పడుతుంది, లాగడానికి మర్నాడు మధ్యాహ్నం దాటుతుంది, పడేది ఐదో ఆరో. గాలాలు పెంచినకొద్దీ చేప తరుగుతోందని హార్బర్‌లో ప్రతి సరంగుకీ తెలుసు. ముందు తగ్గించేవాడు తానే కావాలని మాత్రం ఎవడికీ లేదు. అందుకే చేప ఎక్కడ తగులుతుందో ఎవరూ ఎవరికీ చెప్పరు.

నరేంద్రన్, సుబ్బరాయలు మాత్రం చెప్పుకుంటారు. చుట్టూ తమిళమే వినబడే తేంగాయ్‌తిట్టు హార్బర్‌లో తెలుగు మాట్లాడే సరంగులు వీళ్ళిద్దరే. ఇద్దరికీ ఆ భాషలో ఒక్క అక్షరం చదవడం రాదు, ఇంట్లో అవ్వల దగ్గర పట్టుబడిన మాటే. వైర్‌లెస్‌లో అన్ని బోట్లవాళ్ళూ వింటూ ఉండగానే, చోటూ లోతూ తెలుగులో చెప్పుకునేవాళ్ళు. విన్నవాళ్ళకి ఏమీ అంతుపట్టేది కాదు. నిన్న సాయంత్రం కూడా నరేంద్రన్ అలాగే చెప్పాడు. సముద్రం మీద ఇన్ని బోట్లుండగా తన తాడు ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కడే.

తాడు మిగతా సగం నీళ్ళలోనే ఉండగా, దాన్ని ఒక జెండా కర్రకి కట్టి వదిలి, బోటుని తూర్పుకి తిప్పాడు. వెట్రివేల్ వద్దన్నాడు. ఆ మాట నరేంద్రన్ చెవిన పడలేదు.

బోట్లు రెండూ ఒరుసుకున్నప్పుడు సుబ్బరాయలు అంచుకి వచ్చి బావమరిదిని చూసి నవ్వాడు. నరేంద్రన్ చేతిలో చేపని పైకి లాగే కొక్కెం కర్ర ఉంది.

"ఏంది మచ్చాన్, పెండ్లికి పిలవను కొక్కెం ఎత్తుకోని వొచ్చినావా?"

నరేంద్రన్ అవతలి బోటులోకి దూకాడు. అక్కడ ఐసు మీద నాలుగు మొండేలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కదానికీ తల లేదు. ఐసుపెట్టె చిన్నదని సుబ్బరాయలు ఎప్పుడూ తలలు తీసే సర్దుతాడు. ఆ సంగతి నరేంద్రన్‌కి ఏళ్ళ తరబడి తెలుసు, ఆ పెట్టె సర్దడంలో తను కూడా చెయ్యి వేసినవాడే. ఇప్పుడు అతనికి అదేమీ గుర్తు లేదు.

"తలలు యాడ బావా?"

"సముద్రంలో. నీకేమి, పులుసుకు కావల్నా?"

కొక్కెం సుబ్బరాయలు కుడి చేతిలో, మోచేతికి కాస్త కింద దిగింది. ఇరవై ఏళ్ళుగా చేపలు లాగిన చెయ్యి నరేంద్రన్‌ది. దిగింది దిగినట్టు ఆగడం దానికి తెలియదు. చేపని లాగినట్టే ఒక్క గుంజు గుంజింది. కండ ముంజేతి పొడవునా చీలి, లోపలి తెల్లదనం బయటపడింది, ఆ వెంటనే అది ఎర్రబడిపోయింది.  సుబ్బరాయలు తన చేతి వంక, ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూశాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అప్పుడు అతని మనుషులు మీద పడ్డారు. ఐసు కొట్టే సుత్తి నరేంద్రన్ భుజాన్ని దించేసింది. అడ్డం వచ్చిన వెట్రివేల్ మూతి పగిలి రెండు పళ్ళు ఊడాయి. ఎవడో ఎర కోసే కత్తి తీశాడు, ఇంకెవడో ఆ కత్తి చేతిని కాలితో తొక్కాడు. చేపల నెత్తురూ మనుషుల నెత్తురూ కలిసిన చెక్కల మీద జారి పడుతూ, ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుని కొట్టుకున్నారు. తన వాళ్ళు నరేంద్రన్ని వెనక్కి ఈడ్చుకువచ్చేసరికి అతని ఒక చెవి సగం తెగి వేలాడుతోంది.

తన బోటులోకి రాగానే వైర్‌లెస్ అందుకున్నాడు. సుబ్బరాయలు నా తాడు మీద చేపలు కోసుకుపోయాడు, పరాయి తాడు కోసే దొంగ వస్తున్నాడు, చూసుకోండి అని చెప్పాడు. అందరికీ అర్థం కావాలని తమిళంలో చెప్పాడు.

నీలి బోటు పడమటికి తిరిగి ఒడ్డుకి పోయింది. సుబ్బరాయలు మోచేతి పైన అతని మనుషులు గాలం తాడుతో బిగించి కట్టడం వెట్రివేల్ చూశాడు. నరేంద్రన్ చూడలేదు. అతను మళ్ళీ జెండా కర్ర దగ్గరికి పోయి, మిగిలిన తాడు లాగడానికి యంత్రం వేయించాడు.

చాలాసేపటికి తాడు బిగుసుకుంది. నీలం నీళ్ళ కింద చేప తళుక్కుమంది. బతికే ఉంది, పసుపు రెక్కలు కనబడుతున్నాయి. నరేంద్రన్ పనిచేసే చేత్తోనే కొక్కెం కర్ర పట్టుకుని వంగాడు. అప్పుడు అడుగునుంచి నల్లగా ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి, దాని వెనక మరో రెండు. ఓంగల్ అనే డాల్ఫిన్ల జాతివే, కానీ మూతి మొద్దుగా, ఒళ్ళంతా కారునలుపు. వాటికి తొందరేమీ లేదు. ముందున్నది చేపని మొప్పల వెనక అందుకుని తల విదిలించింది. నీళ్ళు ఎర్రగా పొంగాయి. యంత్రం తిరుగుతూనే ఉంది, తాడు తేలికగా పైకి వచ్చింది. చివర తల వేలాడుతోంది.

ఆ తర్వాత పడ్డ చేపకి కూడా అంతే. యంత్రం చప్పుడు వినే అవి వస్తున్నాయని వెట్రివేల్ పగిలిన మూతితో అన్నాడు. ఇన్ని బోట్లు ఇన్ని తాళ్ళు వేస్తుంటే అవి మాత్రం నేర్చుకోవా అన్నాడు.

నరేంద్రన్ పొద్దుటి తలల్లో ఒకదాన్ని తీసి, తెగినచోట బొటనవేలు పెట్టి చూశాడు. కత్తి కోసిన నున్నదనం ఎక్కడా లేదు. మాంసం పోగులు పోగులుగా చిరిగి ఉంది, మొప్ప ఎముక మీద పంటి గాట్లు వరసగా వేలికి తగిలాయి. పొద్దున ఇలా ఒక్కసారి తడిమి చూడలేదు.

వైర్‌లెస్‌లో బావని పిలిచాడు. పలకలేదు. తెలుగులో పిలిచీ పిలిచీ, చివరికి తమిళంలో అందరికీ చెప్పాడు, తప్పు తనదేనని, కోసింది మనిషి కాదని. అవతల ఎవరో నవ్వారు. అక్క కాపురం కోసం మాట మారుస్తున్నాడని అణ్ణాదురై అన్నాడు. అతను హార్బర్‌లో నాలుగు బోట్ల యజమాని, పోయిన నెల అతని తాళ్ళకి కూడా తలలే వచ్చాయి. దొంగ ఎవరో ఇన్నాళ్ళకి తేలిందని, నీలి బోటు ఒడ్డుకి రానీ అని అతను అన్నాడు.

నరేంద్రన్ ఎర కోసే కత్తి తీసి తాడుని కోసేశాడు. నాలుగు వందల గాలాలు నీళ్ళలో ఉండిపోయాయి. ఇక ఈ బోటు చుక్కాని యజమాని తనని ముట్టనివ్వడని తెలిసే కోశాడు.

ఎంత తోలినా నీలి బోటే ముందు చేరింది. నరేంద్రన్ హార్బర్‌లోకి వచ్చేసరికి దాని క్యాబిన్ అద్దాలు పగిలి గట్టంతా పడి ఉన్నాయి. ఇంజను మీద ఇసుక పోసి ఉంది. సుబ్బరాయలు మనుషుల్లో ఒకడు వలల కుప్ప మీద పొట్ట పట్టుకుని పడి ఉన్నాడు. జరిగింది అతనే చెప్పాడు. దొంగని దిగనివ్వం అంటూ జనం గట్టు దగ్గర అడ్డం నిలబడ్డారట. సుబ్బరాయలు నెత్తురోడుతూ బోటులోనే చాలాసేపు ఉండిపోయాడట. చివరికి మీనా నీళ్ళలోకి దిగి, అడ్డం వచ్చినవాణ్ణి కరిచి, ఐసు తోసే బండి మీద మొగుణ్ణి ఎక్కించుకుని తనే తోసుకుపోయిందట.

నరేంద్రన్ ఒక తలని గోనెలో వేసుకుని చేపలు వేలం వేసే షెడ్డులోకి పోయాడు. అణ్ణాదురై ముందు దాన్ని పడేశాడు. అతని చెయ్యి పట్టుకుని, వేలిని బలవంతంగా ఆ పంటి గాట్లలో పెట్టించాడు. అణ్ణాదురై వేలు తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు.

"దొంగని చెప్పింది నువ్వేగా" అన్నాడు.

నరేంద్రన్ ఆ తలతోనే అతని ముఖం మీద కొట్టాడు. తర్వాత ఎంతమంది కొట్టారో అతనికి తెలియదు. చేప బుట్టలతో, చెప్పులతో, ఐసు పలకలతో కొట్టారు. నేల మీద చేపనీళ్ళలో బోర్లా పడ్డాక కూడా కొట్టారు. వెట్రివేల్ ఆటో తీసుకురాకపోతే ఇంకా కొట్టేవాళ్ళు.

ఆసుపత్రి వరండాలో, గది తలుపుకి అడ్డంగా మీనా నిలబడి ఉంది. చీర మోకాలి దాకా ఎండిన నెత్తురుతో గట్టిపడి ఉంది. తమ్ముడి ముఖం చూసి కూడా ఆమె అడ్డం తొలగలేదు. చెయ్యి మోచేతి పైదాకా తీసేశారని చెప్పింది. చీలిక ఒకటే అయితే కుట్టి ఉండేవాళ్ళట. బిగించిన కట్టు అంతసేపు ఉండిపోవడంతో చెయ్యి చచ్చిపోయిందని డాక్టర్ అన్నాడట.

"ఒక తల తెగినకాడ చేత్తో ముట్టి చూసింటే సరిపోయిండేది గదరా" అంది, వెట్రివేల్ నోట అంతా విని. "చేపని ముట్టను నీకు ఎప్పటినుంచిరా అసయ్యం?"

ఆ తర్వాత తొలగింది.

సుబ్బరాయలు మేలుకునే ఉన్నాడు. దుప్పటి కుడివైపున కిందికి జారిపోతుంటే ఎడమ చేత్తో పైకి లాక్కుంటున్నాడు. నరేంద్రన్ మంచం దగ్గర నిలబడ్డాడు.  మొదట అడిగింది సుబ్బరాయలే.

"తాడు ఏం జేసినావు?"

"కోసేసినా బావా."

"మొత్తమా?"

"సగం. నల్లవి వొచ్చినాయి. ఓంగల్ మాదిరి. కండ్లారా చూసినా."

 సుబ్బరాయలు పెద్దగా కోపమేమీ లేకుండా అన్నాడు.

"ఇంకమీద నాకు ఏం చెప్పాలన్నా అరవంలోనే చెప్పు. ఊరంతా విననీ."

 మీనా వచ్చి మొగుడి మీద దుప్పటి సర్ది, అది జారకుండా పరుపు కిందికి దోపింది.

"సరి, సొల్రేన్" అన్నాడు నరేంద్రన్. చెబుతానన్న ఆ మాట అరవంలోనే అన్నాడు.