బషీరా బీ పట్టు

మునాఫ్ ఒక మాటంటే రాయచోటిలోని చుట్టాలంతా తలూపుతారు. కువైట్‌లోని హవల్లీలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి, తమ్ముళ్లనూ బావమరుదులనూ ఒక్కొక్కరిగా అక్కడికి చేర్చినవాడు మరి. ఆ పెద్దరికంతోనే శుక్రవారం పొద్దున్నే చెల్లెలు బషీరా బీకి ఫోన్ చేశాడు.

"ఈ పొద్దు పిల్లను గ్రౌండుకు పంపితే నేనే వచ్చి చెయ్యి పట్టుకోని తీసుకొచ్చేస్తా. తరవాత చెప్పలేదనేవు."

"చెప్పినావులే అన్నా" అని బషీరా బీ ఫోన్ పెట్టేసి, కూతురు సమీరాకు ఇంకో రెండు గుడ్లు ఎక్కువ ఉడకేసింది.

అది ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు బడి మైదానంలో చెడుగుడు ఆడుతుంటే ఇదే అన్న గీత దాటి లోపలికొచ్చి, అందరి ముందూ చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయాడు. ఆ రోజు ఆమె నోరెత్తలేదు. మళ్లీ ఆటకు పోలేదు. ఆనాడు ఎవరు గెలిచారో ఈనాటికీ తెలియదు. కడుపుమంట మాత్రం ఆరలేదు.

సమీరా కువైట్‌లోనే పుట్టింది. పుట్టిన దేశం తరఫున ఆడొచ్చని రగ్బీ వాళ్ల రూలట. అందుకే నీలం జెర్సీ వేసుకుంది, కాళ్ల నిండా లెగ్గింగ్స్, తలకు బిగించి కట్టిన గుడ్డతో. ఈసారి గల్ఫ్ దేశాల ఆడవాళ్ల సెవెన్స్ పోటీ కువైట్‌లోనే. జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు. టీ తాగి వచ్చేలోగా అయిపోయే ఆట. ఇవాళ సెమీఫైనల్. గెలిస్తే ఫైనల్, ఓడితే సాయంత్రం మూడో స్థానం కోసం ఇంకో ఆట.

బషీరా బీ తను వంట చేసే కువైటీల ఇంటి యజమానురాలిని, అంటే తను మామా అని పిలిచే ఆమెను, భయపడుతూనే సెలవడిగింది. "నీ కూతురా, మా జట్టులోనా?" అని ఆమె సంబరపడి ఒక పెట్టె ఖర్జూరాలు కూడా చేతిలో పెట్టింది. మంగఫ్‌లో కంపెనీ బస్సు నడిపే మొగుడు అబ్దుల్ సలాం మాత్రం "మీ అన్నతో నువ్వే పడు" అని చల్లగా జారుకున్నాడు.

ఎవరి తోడూ లేకపోయినా ఆమె గ్రౌండుకు వచ్చేది. రిగ్గైలోని ఫ్లాట్లో సోఫా పక్కకు జరిపి, చాప పరిచి కూతురికి పట్లు నేర్పింది ఆమే కదా. నడుం పట్టు, మడమ పట్టు. "పట్టినాక కూత ఆగేదాకా వదలద్దు" అని మరీ మరీ చెప్పింది. చెడుగుడు బుద్ధి అది. పట్టు సడలితే కూతకొచ్చిన పిల్ల పాకుతూ పోయి గీత తాకేస్తుంది.

ఆ పాఠమే కొంప ముంచింది. రెండో సగం మొదలైన కాసేపటికి అవతలి జట్టులోని ఎర్ర జెర్సీ పిల్ల ఒకతె బంతితో దూసుకొస్తే, సమీరా మడమ దొరకబుచ్చుకుని బోర్లా పడేసింది. బషీరా బీ లేచి చప్పట్లు కొట్టింది. రెఫరీ మాత్రం ఈల ఊది పసుపు కార్డు చూపించింది. సమీరా తల వంచుకుని వచ్చి గీత పక్కన కుర్చీలో కూలబడింది.

"పడేసింది కదమ్మా, తప్పేముండాది?" అని బషీరా బీ, జట్టుకు నీళ్లందించే హైదరాబాద్ పిల్ల నిలోఫర్‌ను అడిగింది.

"పడేసినంక ఎంటనే ఇడిసిపెట్టాలె ఆంటీ. సమీరా గట్టిగ పట్టుకునే ఉంటది. నిన్నటి మ్యాచ్‌ల కూడా గిట్లనే చేసింది. రెండు నిమిషాలు బయటనే ఇగ."

బషీరా బీకి ప్రాణం ఉసూరుమంది. తను నేర్పిన పట్టే పిల్లను కుర్చీలో కూర్చోబెట్టింది. కట్టిన తాడు దగ్గరికంటా వెళ్లి పిలిచింది.

"సమీరా, నేను చెప్పింది ఈడ పనికిరాదంట. పడెయ్, వదిలెయ్, లేసి బంతి తీసుకో."

"చేతులు మాట వినడంలేదమ్మీ."

"వింటాయి. నేను చెప్తాండా కదా."

ఇంతలో ఎర్ర జెర్సీలు ఖాళీ చూసుకుని దూరి, కువైట్ వైపు గీత దాటి బంతిని నేలకు తాకించి పాయింట్లు కొట్టేశాయి. సరిగ్గా అప్పుడే మునాఫ్ గేటు దాటి వచ్చాడు.

"బయట కార్లో కూర్చోని ఫోన్లో చూసినా. జనం ముందర శిక్షేసి కూర్చోబెట్టినారు. ఖలాస్. పిల్లను పిలువు."

"శిక్ష అయిపోతానే లోపలికి పోతాది."

"నువ్వు పిలవకుంటే నేను పోతా" అని అతను తాడు పైకెత్తాడు.

సమీరా మామూ మునాఫ్‌ను చూసి కుర్చీలోంచి సగం లేచి, ఎటు నడవాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఆ నిలబడటం బషీరా బీకి తెలిసిందే. ఒకప్పుడు తనూ అలాగే నిలబడింది. ఒళ్లు భగ్గున మండింది. అన్న మణికట్టును రెండు చేతులా ఒడిసి పట్టుకుని, మోకాళ్లు వంచి, మడమలు నేలలో దిగేసింది. మునాఫ్ గుంజాడు. చెయ్యి రాలేదు. రోజూ అన్నం డేగిశాలు దించే చేతులవి.

"వదులే. అందరూ చూస్తాండారు."

"చూడనీ. ఆ పొద్దు కూడా చూసినారు."

ఏ పొద్దో అతనికి చెప్పనక్కర్లేకపోయింది. "నీ మంచికే కదా అప్పుడు..." అని నసిగాడు.

"నా మంచేందో నన్నెవరడిగినారు?"

రెండు నిమిషాలు అయిపోయాయని రెఫరీ చెయ్యి ఊపింది. "పో బిడ్డా" అంది బషీరా బీ. సమీరా పరిగెత్తింది.

ఆట చివరికొచ్చేసింది. ఎర్ర జెర్సీ పిల్ల మళ్లీ బంతితో వచ్చింది. సమీరా నడుం పట్టి పడేసింది. ఒక్క క్షణం చేతులు బిగిసే ఉన్నాయి. అంతలోనే చేతులు విడిపోయాయి. సమీరా లేచి, బంతి గుంజుకుని, వెనక్కి చూడకుండా పరుగెత్తి గీత అవతల నేలకు తాకించింది. ఆ తరవాత ఇంకో రెండు పాయింట్ల కోసం తన్నిన బంతి గోలు కర్రల బయటినుంచి పోయింది. పెద్ద ఈల మోగింది. రెండు పాయింట్ల తేడాతో కువైట్ ఓడిపోయింది.

బషీరా బీ అన్న చెయ్యి వదిలింది. మునాఫ్ మణికట్టు రుద్దుకున్నాడు.

"ఓడినారు కదా. దీనికా ఇంత రభస?"

"ఓడినారు. కడదాకా ఆడి ఓడినారు. నాకు ఆ భాగ్యం కూడా లేకపాయె."

మోకాలు చెక్కుకుపోయిన సమీరా తాడు దాకా వచ్చి, మామూను చూసి ఆగింది. మునాఫ్ ఆ మోకాలి వైపు చూశాడు.

"మామూకు సలాం చెప్పు. పొయ్యి నీళ్లు తాగు. సాయంత్రం ఇంకో ఆటుంది" అంది తల్లి.

పిల్ల వెళ్లాక మునాఫ్ గొంతు తగ్గించి అడిగాడు. "సాయంత్రం కూడా నన్ను పట్టుకోనే నిలబడతావా?"

"కూర్చోని చూస్తే నీ జోలికి ఎవరొస్తారన్నా. లేస్తే మాత్రం పట్టుకుంటా."