అమ్మమ్మలో వెలగని ఎముక

ఆ రోజుల్లో, సాయంత్రం పనులన్నీ అయ్యాక అమ్మమ్మ కుర్చీలో నడుం వాల్చేది. నర్సింగ్ మొదటి ఏడు చదువుతున్న మనవరాలు ఎదురుగా చాప మీద చతికిలబడి, అమ్మమ్మ ఒంటి మీద ఒక్కో ఎముక చోటూ వేలితో చూపిస్తూ పేర్లు వల్లించేది. పేరు సరిగ్గా చెబితే అమ్మమ్మ ఒంట్లో ఆ ఎముక పసుప్పచ్చగా వెలిగేది. తప్పు చెబితే వెలిగేది కాదు. ఇంట్లో అదేమంత విశేషం కాదు.

"ఒసేయ్, ఆ కాలి టిబియా కాస్త వెలిగించు, సూదిలో దారం ఎక్కట్లేదు," అనేవాడు టైలరు మామయ్య.

"ముందు ఆ రొమ్ము మీది స్టెర్నమ్ ఆర్పమనండి, కళ్ళల్లో పడుతోంది," అనేది అత్తయ్య.

ఇంట్లో ఇన్ని దీపాలున్నా పిల్ల అనాటమీ రెండుసార్లు తప్పింది. తెలియక కాదు. సరైన జవాబే చెప్పేది, ఎగ్జామినర్ "కచ్చితంగానా?" అనగానే గతుక్కుమని మార్చేసేది. కాలేజీలో 'సవరణమ్మ' అని పేరు కూడా పెట్టేశారు. వచ్చే వారం మూడోసారి. ఇదీ పోతే చదువు మానేసి మామయ్య పక్కన బొత్తాలు కుట్టుకోవాల్సిందే.

"కుడి ఫీమర్ మెడ," అంది ఆ సాయంత్రం. వెలిగింది.

"తొడకి మెడేమిటే! తల కూడా ఉందా?"

"ఉంది అమ్మమ్మా. నీకంటే బుద్ధిగా ఉంటుంది, మధ్యలో మాట్లాడదు. ఎడమ ఫీమర్ మెడ."

చీకటి.

"ఎదురుగా కూర్చున్నావుగా, ఈసారి కుడీ ఎడమా తారుమారు చేసుంటావు," అన్నాడు మామయ్య.

లేచి అమ్మమ్మ పక్కకొచ్చి, ఆమె చూసే వైపే తిరిగి కూర్చుని మళ్ళీ చెప్పింది. ఊహూఁ.

"మార్చి చెప్పవే," అంది అమ్మమ్మ.

మార్చడం ఆ పిల్లకి వెన్నతో పెట్టిన విద్య. నోరు తెరిచింది కూడా. కానీ తల పేరు చెబితే తల వెలిగింది, కింద పొడుగాటి కాడ పేరు చెబితే కాడ వెలిగింది. మధ్యలో వేలెడంత చీకటి. ఆ చోటుకి ఇంకో పేరు లేదు.

"అమ్మమ్మా... ఇక్కడేమైనా నొప్పా?"

"గజ్జల్లో కాస్త సలుపు. నీ పరీక్షయ్యాక చెబుదామని..."

పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్-రే తీయమన్నారు. డాక్టరు అమ్మమ్మని ఎగాదిగా చూశాడు. "నడుచుకుంటూనే వచ్చారుగా. ఎక్స్-రే దేనికి?"

"ఎడమ ఫీమర్ మెడ వెలగట్లేదు డాక్టర్," అంది మనవరాలు.

"మోకాలేమో. ఈ వయసులో మామూలే. కచ్చితంగా మెడేనా?"

మామయ్య మనవరాలికేసి చూశాడు.

"మెడే," అందామె.

ఎక్స్-రేలో, సరిగ్గా అక్కడే, వెంట్రుకంత బీట. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే ఎముక రెండు ముక్కలయ్యేదని, ఇప్పుడైతే మరలు బిగిస్తే సరిపోతుందని చెప్పాడు డాక్టరు.

స్ట్రెచర్ మీద పడుకున్న అమ్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"వచ్చే వారం దాకా నన్నిక్కడే పడేస్తారటే. మరి నీ పరీక్ష? ఎవర్ని చూసి చదువుతావు?"

"పడుకో అమ్మమ్మా," అంది మనవరాలు దుప్పటి సర్దుతూ. "నువ్వు వెలగకపోయినా నాకు తెలుసు."