చలిదేశానికి కోటు

మేడమీదావిడ లాండ్రీ ఆయనతో అందట, కింద వాటాలో టైలరమ్మ మొగుణ్ణి వదిలేసి పోతోందని. పెట్టె సర్ది వీధి గుమ్మం పక్కనే నిలబెట్టుకుందట, ఇంకేం సాక్ష్యం కావాలి అందట. లాండ్రీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి సాయంత్రానికల్లా ఆ మాట కుట్టుషాపు చేరింది. మోసుకొచ్చింది ఆడపడుచు చిట్టి. షాపులో కాజాలు, గుండీలు చూసుకునేది ఆమే.

"ఏం వదినా, మా అన్నయ్యని వదిలేస్తున్నావంటగా. ముందే చెప్పు, నేనూ నీతో వచ్చేస్తాను," అంది దారం కొరుకుతూ.

"మీ అన్నయ్యని వదలడానికి అంత పెట్టెందుకే? చేతిసంచి చాలు," అంది టైలరమ్మ. నవ్వింది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

పెట్టె మాట నిజమే. కరోనాకి ముందు మొగుడూ పెళ్ళాం ఏటా ఏదో ఒక పరాయి దేశం చూసొచ్చేవాళ్ళు. ఏడాదంతా ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టేది, ఆయన సిటీబస్సు నడిపేవాడు, కూడబెట్టిందంతా ఆ ప్రయాణానికే. అక్కడికెళ్ళాక టూరిస్టు బస్సులో ముందు సీటు పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కేవాడు. "వీడికెవడిచ్చాడే లైసెన్సు," అని గొణిగేవాడు. ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. ఆ తర్వాత కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆయన ఆసుపత్రి పాలై, ఆక్సిజన్ మీదుండి, చావు తప్పి ఇంటికొచ్చాడు. దారులు తెరుచుకుని ఎంతకాలమైందో. లోకమంతా కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది. ఈయన మాత్రం "చూద్దాంలే" అంటాడు.

ఆమెకు ఎక్కడికెళ్ళాలో తెలీదు. ఓ రోజు మంచు కావాలనిపించి ఉన్నిబట్టలు సర్దుతుంది. మర్నాడు సముద్రం కావాలనిపించి అవి తీసి పల్చటివి పెడుతుంది. ఫోన్లో పాత ఫొటోలు చూసుకుంటుంది. ఏ ఫొటో ఏ ఊరిదో గుర్తురాదు, అయినా వెళ్ళాలి. ఎందుకంటే ఆమెకే తెలీదు. చివరికి ట్రావెల్స్ ఆయన ఓ చలిదేశానికి వాళ్ళ కోసం రెండు సీట్లు పట్టి ఉంచి, రేపు మధ్యాహ్నంలోగా ఖాయం చెయ్యమన్నాడు. ఆ సంగతి మొగుడికి చెప్పే ధైర్యం లేక, కోటు కుట్టడం మొదలుపెట్టింది. ఒంటిమీద కోటు పడితే కాదనలేడని ఆమె లెక్క.

షట్టరు దించే వేళకి ఆయన వచ్చాడు.

"ఒక్కసారి ఇది తొడుక్కోండి. కచ్చా కుట్టే వేశాను, లాగితే ఊడిపోతుంది, మెల్లిగా."

ఆయన తొడుక్కున్నాడు. కోటు భుజాలు జారి మోచేతుల వైపు వచ్చాయి. కోటు చేతులు ఆయన వేళ్ళ చివర్లు దాటాయి.

చిట్టి పకపకా నవ్వింది. "అన్నయ్యా, లోపల ఇంకొకళ్ళకి చోటుందిరా."

టైలరమ్మకి అయోమయంగా ఉంది. గుడ్డ సాగిందా? కత్తెర పక్కకి పోయిందా? టేపు చుట్టకుండా ఎవరికీ గుడ్డ కోయకూడదన్నది ఆ షాపులో చట్టం. గిరాకీలు తమ కొలతలు నోటితో చెప్పినా నమ్మదు. మొగుడికి మాత్రం ఎన్నడూ టేపు పెట్టలేదు, ఆయన కొలతలు ఆమె చేతులకే తెలుసు. ఇప్పుడు టేపు తీసి ఛాతీ చుట్టింది. అంకె చూసి, టేపు తిరగేసి మళ్ళీ చుట్టింది. అదే అంకె.

"ఎప్పుడు ఇంత తగ్గారు మీరు?"

"ఆసుపత్రిలో తగ్గాను. మళ్ళీ రాలేదు."

"నాకు చెప్పలేదే?"

"ఎదురుగానే తిరుగుతున్నానుగా."

ఆమె టేపు మడవబోయి, మడత కుదరక మెళ్ళో వేసుకుంది. రోజూ పొద్దున్నే లేచి ఆయన మొహం చూసేది ఆమే. రంగు వచ్చిందా, ఊపిరి బాగుందా, ఇవాళ ప్రయాణం మాట అడగొచ్చా అని. భుజాలు ఎందుకు కనపళ్ళేదో ఎంత ఆలోచించినా అంతు దొరకలేదు. దాచి లాభం లేదనుకుని సీట్ల సంగతి చెప్పేసింది.

"నేను రాను," అన్నాడాయన కోటు విప్పుతూ. "మెట్లెక్కితేనే రొప్పొస్తోంది. అక్కడేమన్నా అయితే నీళ్ళు కావాలని ఏ భాషలో అడగాలి?"

"నేనుంటానుగా."

"ఆసుపత్రిలో ఉన్నావా? నిన్ను గేటు దగ్గరే ఆపారు."

ఆమె కోటు అందుకుని మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. ప్రయాణం మానుకోవాలా, అలగాలా, ఈయన్ని ఇంకో డాక్టరుకి చూపించాలా, ఏదీ తేలడం లేదు. నోటికొచ్చింది అనేసింది.

"సరే, నేనొక్కదాన్నే వెళ్తే?"

"వెళ్ళు."

"మీకేమీ అనిపించదా?"

"హాయిగా ఉంటుంది," అన్నాడాయన. "ఎప్పుడు బాగవుతానా అని రోజూ నా మొహం చూసేవాళ్ళు ఉండరు."