కీప్ అంటే ఏంది?

మిరపకోతల రోజులు. ఇరవై మంది కూలీలకు వంట. చాంది మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిశా ఎక్కించి ఎసరు కాగుతోందో లేదో చూస్తుంటే వాకిట్లో జీపు ఆగింది. వెంకటనారాయణ ఖమ్మం నుంచి చుట్టాన్నెవరినో వెంటబెట్టుకొచ్చాడు. పొయ్యి సెగ తగ్గించి ఇద్దరికీ చాయ్ పెట్టి ఇచ్చి వెనుదిరిగింది.

"ఎవరూ, పనిమనిషా?" అన్నాడు చుట్టం.

"కాదులే బావా, మన కీప్."

ఇద్దరూ నవ్వారు.

మోటారు, స్టార్టరు, ఫ్యూజు లాంటి ఇంగ్లీషు మాటలు ఆయన నోట విని చాంది బాగానే నేర్చుకుంది. ఇదొక్కటి కొత్తది. 'మన' అన్నాడు కాబట్టి మంచి మాటే అయి ఉంటుందని సర్దిచెప్పుకుంది. కానీ మంచి మాటకు అట్లా నవ్వరు. బియ్యం కడుగుతున్నంతసేపూ ఆ నవ్వు చెవిలో జోరీగలా తిరిగింది.

భద్రాచలం పోయే రోడ్డుకు వాగు అవతల ఆమె పుట్టిన తండా. ఆమెకు ఇరవై ఏళ్ళప్పుడు వెంకటనారాయణ ఎర్రుపాలెం వైపు నుంచి వ్యవసాయానికని వచ్చాడు. ఈ అడవి ప్రాంతంలో గిరిజనులు కాని బయటివాళ్ళ పేరున భూమి ఉండటానికి చట్టం ఒప్పుకోదు. "నీ పేరున పట్టా చేయిద్దాం చాందీ, పేరుదేముంది," అన్నాడు. ఆరెకరాలు ఆమె పేరునయ్యాయి. ఆ ఏడే చేను పక్కన రెండు గదుల ఇల్లు వేసి ఆమెను అందులో పెట్టాడు. భూమి కోసం తను కావలసి వచ్చిందో, తన కోసం భూమి కొన్నాడో ఆమె ఎన్నడూ అడగలేదు. సోమవారం వచ్చేవాడు, శుక్రవారం వెళ్ళేవాడు. అక్కడ భార్య నిర్మలాదేవి, ఇద్దరు కొడుకులు. "పండగంటే పిల్లలతో ఉండాలి గదా," అనేవాడు. ఇక్కడా పిల్లలు ఉండేవాళ్ళే. రెండుసార్లు "మనకెందుకీ తలనొప్పి" అని దవాఖానాకు తీసుకుపోయాడు. రెండుసార్లూ మూడో రోజుకే ఆమె నారుమడిలో ఉంది. నారు పొయ్యడం, నీళ్ళు కట్టడం, కలుపు, కోత, కళ్ళంలో ఎండబెట్టి తాలుకాయ ఏరడం అన్నీ ఆమెవే. బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు పోయేవి. ఆ మార్కెట్ ఎట్లా ఉంటుందో మాత్రం పద్నాలుగేళ్ళలో ఆమె చూడలేదు.

తెల్లారి ఆడపిల్లల ఆశ్రమ బడిలో ఇంగ్లీషు చెప్పే హైమకు పాలు పోస్తూ అడిగింది. "టీచరమ్మా, కీప్ అంటే ఏంది?"

హైమ చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎవరన్నారక్కా?"

"ఎవరో అన్నరులే. నువ్వు చెప్పు."

హైమ లోపలికి పోయి లావుపాటి నిఘంటువు తెచ్చింది. వేలు పెట్టి చదివింది. "చాలా అర్థాలున్నాయి. దగ్గర పెట్టుకోవడం. దాచడం. పోనియ్యకుండా పట్టుకోవడం. పశువుల్ని సాకడం. మాట తప్పకుండా నిలబెట్టుకోవడం. ఆగకుండా చేస్తూనే ఉండటం..."

"గింత చిన్న మాటకు గన్ని అర్థాలా! గిండ్ల నవ్వేటిది ఏముంది?"

హైమ తల వంచుకుంది. "ఇంకోటుంది. పెళ్ళి చేసుకోకుండా మగవాడు పోషించే ఆడదాన్ని కూడా అట్లా అంటారు. ఉంచుకున్నది అని."

చాందికి కోపం రాలేదు. అంతకంటే పెద్ద ఆశ్చర్యం వచ్చింది.

"పోషించేది అంటివి. పద్నాలుగేండ్ల సంది వండిపెట్టేది నేను, చేను కాసేది నేను. ఎవరు ఎవర్ని పోషించిన్రు టీచరమ్మా? అయినా ఉంచుకున్నోడు ఆయనైతే, ఉంచుకున్నదని నన్నెందుకంటరు?"

హైమ నిఘంటువు మూసింది. పాలచెంబు తీసుకుని చాంది వచ్చేసింది.

కోతలైపోయాక వెంకటనారాయణ అన్నం తింటూ చెప్పాడు. "ఎల్లుండి రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు. భూమిని పూల్‌సింగ్ పేరుకు మారుద్దాం."

పూల్‌సింగ్ ఆయన జీపు నడిపే మనిషి. ఆయన కుడంటే కుడి, ఎడమంటే ఎడమ.

"ఎందుకు?"

"మా పిల్లలు బెంగపడుతున్నారు. రేపు నీ అన్నదమ్ములు తగాదా పెడితే? వాడూ మీవాడేగా, చట్టానికి అడ్డం లేదు."

"మరి నా సంగతి?"

"నీకేం! నిన్ను ఎప్పట్లాగే ఉంచుకుంటాగా," అని మజ్జిగ పొయ్యమన్నాడు.

ఆయన ఆ మాట ప్రేమగానే అన్నాడు. ఎగతాళిగా అని ఉంటే ఆమె ఎప్పట్లాగే దిగమింగుకునేదేమో. తనను గొడ్డుతోనో గోడతోనో సమానం చేస్తున్నానన్న ఎరుకైనా లేకుండా, కడుపు నిండిన మనిషి తృప్తిగా అన్నాడు. మజ్జిగ పోసింది. ఆ రెండు రోజులూ పని చేస్తూనే ఆలోచించింది. ఏ గట్టు ఎవరు వేశారు, బండరాళ్ళు ఎవరు ఏరి పారేశారు, బోరు వేసిన ఎండాకాలం ఎవరు కావలి పడుకున్నారు. ఎటు తిప్పి చూసినా మనిషి తనే. కాగితం మీద పేరూ తనదే. మధ్యలో ఆయనకు ఉన్నదల్లా ఆ భూమి 'నాదే' అన్న ధీమా. ఇన్నేళ్ళూ ఆ ధీమాను నీళ్ళు పోసి పెంచింది కూడా తనే.

ఆఫీసులో కాగితాలు చదివి వినిపించారు. చాంది ఎడమ బొటనవేలికి సిరా అంటించారు. అధికారి తలెత్తి అడిగాడు. "ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అమ్మా?"

"అవునండీ," అన్నాడు వెంకటనారాయణ.

"మిమ్మల్ని కాదు, ఆమెను."

చాంది అధికారి వైపు తిరిగింది. మాట స్పష్టంగానే వచ్చింది. "లేదు సారూ. నాకిష్టం లేదు. ఆ భూమిల ఎవుసం చేసింది నేను."

బొటనవేలు కొంగుకు తుడుచుకుని బయటికి నడిచింది.

వెంకటనారాయణ మెట్ల మీద అందుకున్నాడు. "పద్నాలుగేళ్ళు తిండి పెట్టానే నీకు! రోడ్డున పడతావ్."

"వండింది ఎవరో యాదికి తెచ్చుకో," అంది. గొంతు పెంచలేదు.

జీపు ఆమెను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. పూల్‌సింగ్ మాత్రం ఒక్కసారి అద్దంలోంచి ఆమె వైపు చూశాడు.

వారంలో ఆయన మనుషులొచ్చి మోటారు, పైపులు, మంచం పట్టుకుపోయారు. ఆపితే గొడవని ఆమె అడ్డం పోలేదు. తండాలో కొందరు భేష్ అన్నారు, కొందరు అన్నం పెట్టిన చేతిని నరికిందన్నారు. మృగశిరలో తమ్ముడు లాలు ఎడ్లు తోలుకొచ్చాడు. మిరపకు నీళ్ళు లేవు కాబట్టి వానను నమ్ముకుని జొన్న, కంది వేసింది. పక్క చేన్ల ఆడవాళ్ళు వచ్చి సాయం పట్టారు. వాళ్ళ చేన్లకు ఈమె పోయింది. ఆ ఏడు పంట అంతంతమాత్రం. రెండు పూటలా తిన్నది మాత్రం ఆమె తినాలనుకున్నదే, ఆమెకు ఆకలైన వేళకే.

పంట ఇంటికొచ్చిన రోజులు. కొత్త రేషన్ కార్డులకని గుమాస్తా ఇంటింటికీ తిరుగుతూ చాంది గడపలో కూర్చున్నాడు.

"ఇంటి పెద్ద ఎవరు?"

"నేనే."

"భర్త పేరు?"

చాంది జొన్నలు చెరుగుతూనే ఉంది. "అండ్ల ఏం రాయకు సారూ."

"ఖాళీగా ఉండొద్దమ్మా, ఏదో ఒకటి రాయాలె."

చాంది చేట పక్కన పెట్టి ఆ కాగితం వైపు చూసింది.

"అయితే అండ్ల గూడ నా పేరే రాయి."