వాటం చూసిన చెంబు

నేను ఒక ఇత్తడి చెంబుని. కర్నూలు మునిగిన తరువాత పదమూడో ఏడు, ఎండాకాలంలో పోర్చుగల్ దేశం వచ్చాను. రావాలని నేను అడగలేదు. ఇప్పుడు ఇక్కడే ఒక ముసలామె వంటింట్లో, బల్ల మీద, నోరు పైకి పెట్టుకుని ఖాళీగా కూర్చున్నాను.

నన్ను కొట్టిన కంచరి నా మూతి కాస్త వంకర చేశాడు. అందుకని చాలాకాలం అంగట్లోనే ఉన్నాను. చివరికి ఇళ్ళు కట్టే బేల్దారి మేస్త్రీ మద్దిలేటి కొన్నాడు. లోకంలో చెంబుతో నీళ్ళు తాగుతారు, కాళ్ళు కడుక్కుంటారు. ఈయన నాతో వాటం చూసేవాడు. మిద్దె వేసినా, బండలు పరిచినా, చివర్న నాతో నీళ్ళు పోసి అవి తూము దిక్కుకు పోతున్నాయా లేదా అని గొంతుక్కూర్చొని చూసేవాడు. పోతే బీడీ ముట్టించేవాడు. పోకపోతే బండలు పెరికేవాడు. నలభై ఏళ్ళలో ఆయన చేతి మిద్దె ఒక్కటీ కారలేదు. ఆయన మాట్లాడేదే తక్కువ, మాట్లాడితే ఈ మాటొక్కటే. వరద దిగాక ఇంటి బురదలో ముందు నన్నే వెతికాడు. తనను కాదని చెంబును వెతికిన సంగతి భార్య ఇంకా మరిచిపోలేదు.

మామను ఒక్కసారైనా విమానం ఎక్కించాలని మేనల్లుడు జయచంద్ర కోరిక. వాడూ, భార్య సుజనా ఆయన్ని పోర్తో అనే ఊరికి తీసుకొచ్చారు. ఆ దేశంలో కాగితంతో సరిపెట్టుకుంటారని తెలిసి ఆయన నన్ను సంచిలో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు అద్దె ఇల్లు. ఫొటోలో హాలు ఉంది. వచ్చి చూస్తే అది మంచానికీ గోడకూ మధ్య సందు. ఇంటావిడ కనపడదు. తాళంచెవి గోడకు బిగించిన డబ్బాలో ఉంటుంది, అంకెలు నొక్కితే వస్తుంది. తలుపు వెనక ‘సొంత ఇల్లనుకోండి’ అని రాసిన పలక. దాని కింద ఇరవై మూడు నిబంధనలు. గట్టిగా నవ్వరాదు, బీడీ చుట్ట కాల్చరాదు, పోయేముందు అంట్లు తోమాలి, చెత్త పారేయాలి, ఇల్లు బాగుందని ఫోనులో ఐదు చుక్కలు వేయాలి. సొంత ఇంట్లో మద్దిలేటి వీటిలో ఒక్కటీ పాటించి ఎరగడు. నేల మీద నీళ్ళు పోయరాదు అని మాత్రం లేదు. అలాంటి మనుషులు కూడా ఉంటారని ఇంటావిడకు తోచినట్టు లేదు.

మూడో రోజు పొద్దున ఆయన స్నానాలగది నేలను పరీక్షగా చూశాడు.

“యాడుందిరా తూము?”

“ఈడ తూములుండవు మామా. ఆ అద్దాల డబ్బాలో నిలబడి పోసుకోవాల. బయట తడి కారాదు.”

“తూము లేకుండా ఎవుడన్నా కడతాడా? యాడో దాచిపెట్నారు. వాటం జెప్తాది.”

ఒక చెంబు పోశాడు. నీళ్ళు కదల్లేదు. నాలుగో చెంబుకు గోడమూలకు జరిగాయి. పదో చెంబుకు అక్కడే మాయమయ్యాయి.

“చూసినావా! కంటికి కనపడకుండా పెట్నారు. పనోళ్ళురా!”

ఇంకో మేస్త్రీని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు, అదే చివర. ఆ మెప్పులో మరో ఐదు చెంబులు పోశాడు.

కాసేపటికి తలుపు దబదబా మోగింది. కింది వాటాలో ఉండే అడెలైడ్ అనే ముసలామె. చేతిలో గరిటె, జుట్టు నిండా సున్నం. ఆమె మాటల్ని జయచంద్ర ఫోనులో మార్చి వినిపించాడు.

“పైన ఏం పెంచుతున్నారు, చేపలా?”

కిందికి దిగి చూస్తే వంటింటి కప్పులోంచి చేటంత పెచ్చు ఊడి చారుగిన్నెలో పడి ఉంది. ఇంకా చుక్కలు పడుతున్నాయి. మద్దిలేటి తలెత్తి చూశాడు. నలభై ఏళ్ళుగా ఆ చూపు ఇతర మేస్త్రీల మిద్దెల కోసమే దాచుకున్నది.

“ఇంటావిడకు చెప్పినా మామా. వచ్చే నెల మనుషుల్ని పంపిస్తాదంట. రేపు పొద్దున పడవలో తిరిగి, మధ్యాన్నం విమానమెక్కుదాం. మనకేంది?”

“కారింది నా చేతి మీద.”

“కర్నూల్లో ఎవురికి తెలుస్తాది మామా?” అంది సుజన.

“నాకు.”

ఆ సాయంత్రమే తెల్లసిమెంటు తెప్పించి, నీళ్ళు మాయమైన గోడమూల పగులు పూడ్చాడు. జయచంద్ర ఫోనుకు ఇంటావిడ ఇరవై నాలుగో నిబంధన పంపింది.

మర్నాడు పొద్దున వీళ్ళు లేకుండానే పడవ పోయింది. మద్దిలేటి అడెలైడ్ బల్ల ఎక్కి, తడిసిన సున్నం గీకి, కొత్త సున్నం నాలో కలిపి కప్పుకు మెత్తాడు. ఎడమ పక్క ఎత్తుగా ఉందని ఆమె గరిటెతో చూపించింది. ఆయన కోపంగా చూశాడు. నిజంగానే ఎత్తుగా ఉంది. సరిచేశాడు.

“సుజనమ్మా, పొయ్యి!” అని పైకి అరిచాడు. పైన సుజన గిన్నెతో నీళ్ళు పోస్తూ ఇరవై నాలుగో నిబంధనను పదిహేనుసార్లు ఉల్లంఘించింది. కింద ముగ్గురం కప్పు వైపే చూస్తూ నిలబడ్డాం. నన్ను కలిపే చెప్తున్నాను. ఒక్క చుక్క రాలేదు.

ఆయన అలవాటుగా బీడీ నోట్లో పెట్టుకుని, నిబంధన గుర్తొచ్చి తీసేశాడు. అడెలైడ్ లాక్కుని మళ్ళీ ఆయన నోట్లోనే పెట్టి, తనే అగ్గిపుల్ల గీసింది.

“కారితే కబురు చెయ్యమను. వస్తా,” అన్నాడు మద్దిలేటి, సంచులతో కిందికి దిగిన జయచంద్రతో.

“ఇంత దూరమా మామా?”

“చెప్పరా.”

ఫోను చెప్పింది. ఆయన నన్ను శుభ్రంగా కడిగి, పంచె కొంగుతో తుడిచి, సరిగ్గా ఆ అతుకు కింద బల్ల మీద నోరు పైకి పెట్టి, మెట్లు దిగిపోయాడు.